ఒక కిటికీ, ఒక తెల్ల పంచె, చేతిలో ఉన్న కెమెరా: ఇంట్లో మోడల్ ఫొటోలు తీసే పద్ధతి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఇంట్లోనే బొటిక్ నడిపేవాళ్లూ, కొత్తగా కెమెరా కొన్నవాళ్లూ పదేపదే అడుగుతున్నది ఒకటే. స్టూడియో లేదు, పెద్ద లైట్లు లేవు. ఉన్న కెమెరాతోనో ఫోన్‌తోనో గదిలో మోడల్‌ని నిలబెట్టి తీస్తే మొహం పసుపుగా, చీర చప్పగా వస్తోంది. ఏం చెయ్యాలి?

కెమెరా మార్చక్కర్లేదు. గదిలోకి వెలుతురు ఎటునుంచి వస్తోంది, ఎన్నిరకాల వెలుతురు కలుస్తోంది అన్నది ముందు సరిచేసుకోవాలి. అందుకే ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువభాగం షట్టర్ నొక్కకముందు చేసుకోవాల్సిన పనులే. ఉదాహరణకి చీరను తీసుకున్నాం. కుర్తీకైనా లంగాఓణీకైనా పద్ధతి ఇదే.

1. గది: పొడవు చూడండి, అందం కాదు

తల నుంచి పాదాల దాకా, పైనా కిందా కొంచెం ఖాళీతో, నిలువుగా ఒక మనిషి ఫ్రేములో పట్టాలంటే కెమెరాకీ మోడల్‌కీ మధ్య ఇంత దూరం కావాలి:

- క్రాప్ సెన్సర్ కెమెరా (లోపల వెలుతురు పట్టే సెన్సర్ కాస్త చిన్నది), 50 ఎంఎం లెన్స్: దాదాపు 15 అడుగులు
- అదే కెమెరా, కిట్ లెన్స్ (కెమెరాతో పాటు వచ్చే జూమ్ లెన్స్) 35 ఎంఎం దగ్గర: దాదాపు 10 అడుగులు
- ఫోన్‌లో 2ఎక్స్ (రెండు రెట్ల జూమ్): 9 నుంచి 10 అడుగులు
- ఫోన్‌లో 1ఎక్స్: 5 అడుగులు చాలు, కానీ వాడొద్దు

చివరిది ఎందుకు వద్దంటే, అంత దగ్గర్నుంచి తీస్తే కెమెరాకి దగ్గరున్న చెయ్యి లావుగా, తల పెద్దగా, కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి. లోపం మోడల్‌లో ఉందనుకుంటారు గానీ తప్పు దూరానిది.

మోడల్ వెనక గోడకి ఇంకో 4 అడుగులు కలుపుకోండి. 10×12 పడగ్గది చాలదు. హాల్లో పొడవు వైపు తీయండి, లేదా మోడల్‌ని గదిలో నిలబెట్టి మీరు గుమ్మం అవతల నిలబడండి.

ఇక కిటికీ. మన ఇళ్లలో చాలా కిటికీలు నేలకి మూడడుగుల పైన మొదలవుతాయి. మొహానికి వెలుతురు బాగానే పడుతుంది, కుచ్చిళ్లు మాత్రం చీకట్లో ఉండిపోతాయి. నిలువెత్తు ఫొటోకి కిటికీ కంటే బాల్కనీ తలుపో వీధి తలుపో మేలు, వెలుతురు నేల దాకా దిగుతుంది. నడుము పై భాగం ఫొటోలకి కిటికీ చాలు.

ఎండ నేరుగా లోపల పడకూడదు. తూర్పు కిటికీ అయితే మధ్యాహ్నం పెట్టుకోండి, పడమటిదైతే పొద్దున. ఉత్తరపు కిటికీ రోజంతా బాగుంటుందని పుస్తకాల్లో ఉంటుంది. అది చలిదేశాల మాట. నెల్లూరు 14.4 డిగ్రీల అక్షాంశం మీద, ఒంగోలు 15.5 మీద ఉన్నాయి కాబట్టి మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీకి కూడా తెల్ల గుడ్డ అడ్డం కట్టాల్సి రావచ్చు.

కిటికీ ఎదురుగా ఏముందో కూడా చూడండి. పక్కింటి గోడ పచ్చరంగుదైతే ఆ పచ్చదనమే మీ గదిలోకి వస్తుంది.

2. కావాల్సిన సామాను

- కెమెరా లేదా రెండు రెట్ల జూమ్ ఉన్న ఫోన్
- ట్రైపాడ్. చవకదైనా సరే, ఊగకూడదు
- పెద్ద తెల్ల పంచె, సన్న నేత, రంగు అంచు లేనిది
- రెండు థర్మోకోల్ షీట్లు, ఒక్కోటి మీటరు పొడవు, అరమీటరు వెడల్పు. పక్కపక్కన పెట్టి టేపు వేస్తే మీటరు చదరం తెల్ల పలక వస్తుంది
- అంతే కొలతలో నల్ల గుడ్డ
- బైండర్ క్లిప్పులు 12, పిన్నీసులు 2 డజన్లు, బట్టలారేసే క్లిప్పులు 10
- ఇస్త్రీపెట్టె, నీళ్ల స్ప్రే సీసా
- తెల్ల ఏ4 కాగితం ఒకటి
- ఛార్జ్ చేసిన అదనపు బ్యాటరీ లేదా పవర్ బ్యాంక్, ఖాళీ మెమరీ కార్డు

రింగ్ లైట్ ఈ జాబితాలో లేదు, మరిచిపోయి కాదు. మొహం ఒక్కటే రీల్స్‌కి తీసుకునేటప్పుడు అది బాగానే ఉంటుంది. బట్ట చూపించాలంటే పనికిరాదు. ఎదురుగా పడే వెలుతురు నేతనీ, జరీనీ చదును చేసేస్తుంది. కళ్లలో గుండ్రటి గీత కూడా పడుతుంది.

డబ్బులుంటే ముందు కొనాల్సింది రెండో లెన్స్ కాదు. సాయంత్రాలూ ముసురు రోజుల్లోనూ పని ఆగకుండా ఉండటానికి, సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 95కి తగ్గని ఒక ఎల్‌ఈడీ వీడియో లైటు, దాని ముందు పెట్టడానికి సాఫ్ట్‌బాక్సో తెల్ల గొడుగో కొనుక్కోండి.

3. బ్యాక్‌గ్రౌండ్

బూడిదరంగు కాటన్ గుడ్డ ఒక్కటి కొంటే చాలు. వెలుతురు దాని మీద పడనిస్తే లేత రంగు, పడకుండా చేస్తే ముదురు రంగు. మూడు గుడ్డల పని ఒకటే చేస్తుంది. శాటిన్, మెరిసే పాలిస్టర్ తీసుకోవద్దు.

60 అంగుళాల పన్నా గుడ్డ 9 మీటర్లు కొని, నాలుగున్నర మీటర్ల ముక్కలు రెండు చేసి నిలువుగా కుట్టించండి. దాదాపు 10 అడుగుల వెడల్పు వస్తుంది. కర్టెన్ రాడ్డుకి బైండర్ క్లిప్పులతో వేలాడదీసి, మిగిలింది మడత పడకుండా నేల మీదికి జార్చండి. గోడా నేలా కలిసేచోట గీత కనపడదు.

ముడతలే పెద్ద శత్రువు. ఇస్త్రీ చేసి కట్టాక నీళ్లు సన్నగా చల్లి, రెండు పక్కలా క్లిప్పులతో లాగిపెట్టి వదిలేస్తే ఆరేలోపు సాఫవుతుంది. ఈ పని మోడల్ రాకముందే అయిపోవాలి.

మోడల్‌ని గుడ్డకి కనీసం 4 అడుగుల ముందు నిలబెట్టండి. ఆనుకుని నిలబడితే నీడ గుడ్డ మీద పడుతుంది, ముడతలూ స్పష్టంగా కనపడతాయి.

4. వెలుతురు: ఇక్కడ తొందరపడొద్దు

మొదటి పని, గదిలో ట్యూబ్‌లైట్లు, బల్బులు, దేవుడి గూట్లో దీపపు బల్బుతో సహా అన్నీ ఆర్పేయండి. కిటికీ వెలుతురు నీలం వైపు, ఇంటి బల్బు పసుపు వైపు ఉంటాయి. రెండూ కలిస్తే మొహం ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. ఎడిటింగ్‌లో ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. మొహం పసుపుగా రావడానికి పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే.

రెండోది గోడలు. ఆకుపచ్చ, గులాబీ, లేత నీలం గోడలు ఆ రంగునే చర్మం మీదికి విసురుతాయి. మోడల్‌కి పక్కనున్న గోడని తెల్ల దుప్పటితో కప్పేయండి.

ఆ తర్వాత వరుసగా:

1. కిటికీ రెక్కలు పూర్తిగా తెరవండి. దోమల జాలి తీయగలిగితే తీయండి, అది చాలా వెలుతురు తినేస్తుంది.
2. ఎండ పడుతున్నా, ఊచల నీడ కనపడుతున్నా పంచెని కిటికీకి అడ్డంగా, ఊచలకి అర అడుగు ఎడంగా బిగుతుగా కట్టండి. ఇప్పుడు కిటికీ అంతా ఒకే పెద్ద లైటు.
3. మోడల్‌ని కిటికీకి 4 నుంచి 5 అడుగుల దూరంలో నిలబెట్టండి. రెండడుగుల్లో ఉంటే కిటికీ వైపు భుజం తెల్లబారి, అవతలి భుజం నల్లబడుతుంది. ఏడెనిమిది అడుగులు దాటితే వెలుతురు చాలదు.
4. మోడల్ మొహం కిటికీ వైపు 45 డిగ్రీలు తిరిగి ఉండాలి. మీరు కిటికీ ఉన్న గోడవైపే, వెలుతురుకి అడ్డం రాకుండా నిలబడండి.
5. అవతలి పక్క, మోడల్‌కి 2–3 అడుగుల్లో థర్మోకోల్ పలక నిలబెట్టండి. దగ్గరికి జరిపితే నీడ లేతబడుతుంది, వెనక్కి జరిపితే ముదురుతుంది.
6. మొహం గుండ్రంగా ఉండి సన్నగా చూపించాలనుకుంటే థర్మోకోల్ తీసి అక్కడ నల్ల గుడ్డ వేలాడదీయండి.

ముక్కు నీడ చూడండి. పెదవి పక్కకి వాలి, చెంప మధ్యలో ఆగితే సరిగ్గా ఉన్నట్టు. నీడే లేకపోతే థర్మోకోల్ మరీ దగ్గరుంది.

జరీ చీరకి ఇంకొకటి ఉంది. జరీ మెరవాలంటే వెలుతురు పక్కనుంచి జారుతూ పడాలి. వెంకటగిరి చీర పైట అంచు తీసేటప్పుడు మోడల్‌ని కదపకుండా, పైట ఒక్కటీ కిటికీ వైపు అంగుళం అంగుళం తిప్పించి చూడండి. ఒకచోట అంచంతా ఒక్కసారిగా వెలుగుతుంది. అక్కడ ఆపి తీయండి. ఇంకొంచెం తిప్పితే తెల్లగా పేలిపోయి, పోగు కనపడదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల ముసురు మన జిల్లాల్లో ఎక్కువ. మబ్బు వెలుతురు మెత్తగా, నీడలు లేకుండా చాలా బాగుంటుంది, కానీ తక్కువ. ఆ రోజుల్లో పంచె విప్పేయండి, ట్రైపాడ్ తప్పనిసరి.

5. చీర, మేకప్, ఉక్కపోత

ముందు చెప్పులు, తర్వాత చీర. మడమ ఎత్తు తేలకుండా కడితే కుచ్చిళ్లు నేలకి అంగుళం పైనో, పాదాల కింద చిక్కుకునో ఉంటాయి. లంగా రంగు చీర రంగులో కలవాలి. సన్న నేత కాటన్ చీరల్లో వేరే రంగు లంగా కిటికీ వెలుతురికి స్పష్టంగా బయటపడుతుంది.

జాకెట్టు వదులుగా ఉంటే వెనక బట్టలారేసే క్లిప్పులు పెట్టి ముందు నుంచి తీయండి. పైట మడతల్ని భుజం వెనక నుంచి పిన్ను చేయండి, పిన్ను తల కెమెరాకి కనపడకూడదు. కుచ్చిళ్లన్నీ ఒకే వెడల్పు, ఒకే ఎత్తు. ఇది మోడల్ తనే వంగి కాక, కింద కూర్చుని ఇంకొకరు సరిచేయాలి. చీర తెలిసిన ఆడమనిషి ఒకరు సాయానికి ఉంటే షూట్ సగం సమయంలో అయిపోతుంది.

ఏసీ లేని గదిలో పది నిమిషాలకి మొహం జిడ్డుగా మెరుస్తుంది. మళ్లీ మళ్లీ పౌడర్ రాయడం కంటే టిష్యూ కాగితంతో అద్దడం మంచిది. ఫ్లాష్ వాడుతుంటే సిలికా పౌడర్లు, సన్‌స్క్రీన్ కలిసిన ఫౌండేషన్ వద్దు. ఫొటోలో మొహం మీద తెల్లటి పొరలా వస్తుంది.

ఫ్యాను విరామంలో తిప్పండి, తీసేటప్పుడు ఆపండి. మల్లెపూలు చివర్లో, లైటు సరిచూసుకున్నాక పెట్టించండి. ఏసీ గదిలోంచి కెమెరాని ఉక్కగా ఉన్న హాల్లోకి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. గుడ్డతో తుడవొద్దు. సంచిలోనే ఉంచి అరగంట ముందు బయటి గదిలో పెట్టేయండి.

6. సెట్టింగులు

కెమెరాలో మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే పెట్టుకునేది), రా ఫైలు (కెమెరా మార్పులు చేయని అసలు ఫైలు). మొదలుపెట్టడానికి:

- అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో; అంకె చిన్నదైతే ఎక్కువ తెరుచుకుంటుంది): ఎఫ్/4 నుంచి ఎఫ్/5.6
- షట్టర్ (సెకనులో ఎన్నో వంతు తెరిచి ఉంటుందో): నిలబడి ఉంటే 1/125, పైట ఎగరేస్తే కనీసం 1/500
- ఐఎస్‌ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో): 400తో మొదలుపెట్టి, అవసరమైతే 1600 దాకా
- ఫోకస్: ఒకే పాయింటు, దగ్గరున్న కన్ను మీద
- వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే వచ్చేలా రంగు సరిచేయడం): ఆటో వద్దు. మోడల్ మొహం దగ్గర ఏ4 కాగితం పట్టించి దానితో కస్టమ్‌గా సెట్ చేయండి

ఎఫ్/1.8 దగ్గర వెనకంతా కరిగిపోయి అందంగా ఉంటుంది, నిజమే. కానీ అంతలోనే కన్ను స్పష్టంగా, పైట అంచు మసగ్గా వస్తుంది. అమ్మేది పైట.

ఫోన్‌లో అయితే బ్యూటీ మోడ్, పోర్ట్రెయిట్ మోడ్ రెండూ ఆపేయండి. పోర్ట్రెయిట్ మోడ్ జుట్టునీ పైట కుచ్చులనీ వెనక గుడ్డతో కలిపి చెరిపేస్తుంది. మొహం మీద వేలు నొక్కి పట్టి ఫోకస్‌నీ వెలుతురునీ లాక్ చేసి, పక్కన సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి లాగండి. జరీ తెల్లబారడం ఆగుతుంది.

ఎల్‌ఈడీ లైటుతో తీస్తూ ఫొటోలో అడ్డంగా నల్లటి పట్టీలు పడుతుంటే షట్టర్‌ని 1/100కి గానీ 1/50కి గానీ తెండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకి 100సార్లు మినుకుతాయి.

కెమెరా ఎత్తు చాలామంది పట్టించుకోరు. నిలువెత్తు ఫొటోకి కెమెరా మోడల్ బొడ్డు ఎత్తులో, ముందుకీ వెనక్కీ వాలకుండా ఉండాలి. నడుము పై భాగానికి ఛాతీ ఎత్తు, మొహానికి కళ్ల ఎత్తు. మీ కంటి ఎత్తు నుంచి కిందికి వంచి తీస్తే ఎంత పొడుగు మనిషైనా పొట్టిగానే వస్తుంది.

7. మోడల్‌తో మాట

డబ్బులు, గంటలు, ఫొటోలు ఎక్కడెక్కడ వాడతారు అన్నవి కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. చుట్టాలమ్మాయైనా సరే. 18 ఏళ్లు నిండకపోతే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి, షూట్ అయ్యేదాకా అక్కడే ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది చూపించండి. తోడు ఎవరినైనా తెచ్చుకోమని ముందే చెప్పండి.

కుడి, ఎడమ అని చెప్పొద్దు. ఎదురెదురుగా ఉంటారు కాబట్టి ప్రతిసారీ తికమకే. "కిటికీ వైపు చూడమ్మా", "తలుపు వైపు కాలు కొంచెం ముందుకి" అంటే వెంటనే అందుతుంది. కొంగు సర్దాల్సి వస్తే సాయానికి ఉన్నామెతో సర్దించండి, లేదా మీ ఒంటి మీదే చేసి చూపించండి. చెయ్యి వేయొద్దు.

కొత్తవాళ్లకి ఈ నాలుగు చాలు:

- బరువంతా వెనక కాలి మీద, ముందు కాలి మోకాలు కొంచెం వంచి
- చేతికీ నడుముకీ మధ్య వెలుతురు కనపడేంత సందు
- గడ్డం కొంచెం ముందుకి, ఆ తర్వాత కొంచెం కిందికి
- ఒక చెయ్యి పైట కొస మీద, వేళ్లు వదులుగా

నవ్వమంటే నవ్వు బిగుసుకుపోతుంది. కళ్లు మూసుకోమని, మూడు లెక్కపెట్టి తెరవమనండి. తెరిచిన మొదటి క్షణం తీయండి.

8. తీసే వరుస

ముందు సాయానికి వచ్చినవాళ్లని మోడల్ స్థానంలో నిలబెట్టి లైటు, ఫోకస్, రంగు సరిచూసుకోండి. మోడల్ వచ్చాక సెట్టింగులతో కుస్తీ పడితే ఆమె ఓపిక అక్కడే అయిపోతుంది.

ఒక్కో చీరకి:

1. ఏ4 కాగితం పట్టుకుని ఒకటి, రంగు సరిచేయడానికి
2. ఎదురుగా నిలువెత్తు
3. పక్కకి తిరిగి, పైట పూర్తిగా కనపడేలా నిలువెత్తు
4. వెనక వైపు, జాకెట్టు కనపడేలా
5. నడుము పై నుంచి
6. మొహం
7. అంచు, పైట, నేత దగ్గరగా
8. చివర్లో నడక, పైట ఎగరేయడం

కదలిక చివరికే. ముందు పెడితే కుచ్చిళ్లు చెదిరి, మళ్లీ కట్టడానికి పావుగంట పోతుంది. ప్రతి భాగం అయ్యాక ఒక ఫొటోని పెద్దది చేసి కన్ను స్పష్టంగా ఉందో లేదో చూడండి. పూటకి మూడు చీరలు పెట్టుకోండి. అయిదు పెట్టుకుంటే చివరి రెండిట్లో మోడల్ అలసట కనపడుతుంది.

9. ఏం తేడా వచ్చింది, ఎందుకు

చీర మీద ఇంద్రధనుస్సులాంటి అలలు: సన్న గళ్లు, సన్న చారల నేతలో వస్తుంది. పోగుల వరుస సెన్సర్ గడులతో పోటీపడటం వల్ల. ఒక అడుగు ముందుకో వెనక్కో జరగండి, లేదా మోడల్‌ని కొద్దిగా తిప్పండి. ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు.

రాణీ పింక్, ఎరుపు ఒకే ముద్దలా రావడం: ఎరుపు ఛానల్ (ఫొటోలో ఎరుపుని నమోదు చేసే భాగం) నిండిపోయింది. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి (అంటే కెమెరాలోకి వెళ్లే వెలుతురు సగం చేసి) తీసి, మొహాన్ని ఎడిటింగ్‌లో లేపండి.

నల్ల చీరలో మడతలు కనపడకపోవడం: థర్మోకోల్ తీసుకెళ్లి కిందికి, కుచ్చిళ్ల ఎత్తులో పెట్టండి. కెమెరా ఆటోలో ఉంటే నలుపుని బూడిదగా చేస్తుంది, మాన్యువల్‌లోనే ఉండండి.

కళ్లు నల్లటి గుంటల్లా ఉండటం: వెలుతురు మరీ పైనుంచి వస్తోంది. మోడల్‌ని కిటికీ నుంచి ఇంకో అడుగు వెనక్కి జరిపి, చేతుల్లో నడుము ఎత్తున తెల్ల కాగితమో పలకో పట్టించండి. ఫ్రేములో పడకుండా కత్తిరించుకోండి.

అంతా కొంచెం మసక: ఒంటికి ఫోకస్ ఉండి కళ్లకి లేకపోతే ఫోకస్ తప్పు. ఫ్రేమంతా మసకైతే షట్టర్ నెమ్మది. ఫోన్‌లో అయితే ముందు లెన్స్ తుడవండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

10. ఎడిటింగ్, పంపడం

ఏ4 కాగితం ఫొటో మీద వైట్ బ్యాలెన్స్ తీసుకుని, ఆ చీర ఫొటోలన్నిటికీ అదే వర్తింపజేయండి. తర్వాత చీరని పగటి వెలుతురులో పక్కన పెట్టుకుని స్క్రీన్‌తో పోల్చండి. ఫిల్టర్ వేసి మామిడిపండు రంగుని నారింజగా మారిస్తే పార్సిల్ తిరిగొస్తుంది, కొరియర్ ఖర్చు మీది.

చర్మం మీద మొటిమ తీసేయొచ్చు. పుట్టుమచ్చ తీయొద్దు, రంగు తెల్లబరచొద్దు.

ఇన్‌స్టాగ్రామ్‌కి 4:5 నిష్పత్తిలో 1080×1350 పిక్సెల్స్, ఎస్‌ఆర్‌జీబీలో (ఫోన్లు, వెబ్‌సైట్లు మామూలుగా వాడే రంగుల పద్ధతి) జేపెగ్ తీయండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, బొటిక్ వాళ్లకి కూడా అలాగే పంపమని చెప్పండి. ఫైలు పేరులో చీర నంబరు పెడితే, ఏ ఫొటో ఏ చీరదో నెల తర్వాత వెతుక్కోనక్కర్లేదు. రెండు వేర్వేరు చోట్ల కాపీ అయ్యేదాకా మెమరీ కార్డు ఫార్మాట్ చేయొద్దు.